‘ఇక్కడ కాదు’ అనే మనిషి

మా రిపేరు పనివాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో పోయిన వారం ఒక మెసేజ్ వచ్చింది. దాని పైన ఎవరో చార్జింగ్ ఎక్కని ఫోను బోర్డు ఫొటో పెట్టి సలహా అడిగారు. దాని కింద ఇంకెవరో ఒక పాత మోడలుకు డిస్‌ప్లే ఎక్కడ దొరుకుతుందని అడిగారు. ఆ రెంటి మధ్యా, ఎవరో తెలియని ఒక మనిషి ఇలా రాశాడు: "షాపు తెరవబుద్ధి కావడం లేదు. పొద్దున్నే షట్టర్ ముందు నిలబడి తిరిగి ఇంటికి పోతున్నాను. ఎవరికన్నా ఇట్లా అయిందా?"

ఒకరు "బ్యాటరీ మార్చు" అన్నారు. ఇంకొకరు "ఫ్యాక్టరీ రీసెట్ కొట్టు" అన్నారు. నవ్వే బొమ్మలు వరసగా పడ్డాయి. ఒక పెద్దమనిషి మాత్రం గంభీరంగా "గ్రూపు రూల్స్ చదవండి" అని రాశాడు. సాయంత్రం దాకా ఆ మెసేజ్ అందరి కళ్ల ముందూ అలాగే పడి ఉంది. నేను గిరాకీ ముగించుకుని చూసేసరికి ఆ మనిషి గ్రూపులో లేడు. నెంబరు కూడా కనపడలేదు.

ఉదయగిరి సార్ ఉండి ఉంటే ఆ మెసేజ్ అంతసేపు అక్కడ ఉండేది కాదు. చూసిన మరుక్షణం తీసేసేవాడు. తీసేసిన చోట రెండే మాటలు రాసేవాడు.

"ఇక్కడ కాదు."

గ్రూపులో ఆయన పేరు ఉండాల్సిన చోట ‘ఉదయగిరి’ అని ఊరి పేరు ఉండేది. ఫొటో లేదు. అందుకే అందరం ఉదయగిరి సార్ అనేవాళ్లం. అసలు పేరు నాకు తర్వాత తెలిసింది. ఆయనే ఎక్కడా పెట్టుకోని పేరును నేను ఇక్కడ పెట్టడం బాగుండదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యాడు. ఇళ్లలో తీగ ఫోన్లు పోయి అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాక, ఊరికే కూర్చోలేక వాటి బోర్డులు విప్పి చూడటం నేర్చుకున్నాడు. షాపు పెట్టలేదు గానీ మా గ్రూపు మొదలుపెట్టిన వాళ్లలో ఆయన ఒకడు. ఫోన్లు, టీవీలు, ఇన్వర్టర్లు బాగుచేసేవాళ్లు అందులో ఉంటారు. మొదట ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల వాళ్లమే ఉన్నాం. తర్వాత బద్వేలు నుంచీ, కనిగిరి నుంచీ, పేర్లు కూడా వినని ఊళ్ల నుంచీ వచ్చి చేరారు.

ఆయన అడ్మిన్‌గా ఉన్నన్నాళ్లూ ఆ గ్రూపులో గుడ్ మార్నింగులు లేవు. పండగ శుభాకాంక్షలు లేవు. దేవుడి పటాలు లేవు, మా చర్చి వాళ్ల వాక్యాలూ లేవు. ఎవరో తనకు పుట్టిన బిడ్డ ఫొటో సంబరంగా పెడితే అదీ తీసేశాడు. "ఇక్కడ కాదు." దండం పెట్టే బొమ్మ ఉండదు, ‘దయచేసి’ ఉండదు. చివర ఒక చుక్క మాత్రం ఉండేది. ఆ చుక్క చూస్తే తలుపు గడియ పెట్టినట్టు అనిపించేది. వెనకాల అందరూ ఆయన్ని ‘కత్తెర సార్’ అనేవాళ్లు.

నేను కూడా అనేదాన్నే, నా మెసేజ్ కత్తిరించేదాకా.

ఆత్మకూరు బస్టాండుకు దగ్గర్లో మా షాపు. పెట్టింది మా ఆయన. పెట్టి ఏడాది తిరక్కముందే ఆయనకు నెల్లూరులో ఉద్యోగం దొరికింది. షాపు మూసేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. పక్కన కూర్చుని చూసి చూసి పని నేర్చుకున్నాను, చెయ్యగలనన్న ధైర్యం ఉంది. కానీ వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగి "మీ ఆయన లేడామ్మా?" అని అడిగి, లేడంటే ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లు. ఒక మధ్యాహ్నం విసిగిపోయి గ్రూపులో రాసేశాను. ఆడమనిషిని, ఆత్మకూరు బస్టాండు దగ్గర షాపు, ఒక్కదాన్నే కూర్చుంటాను, వచ్చినవాళ్లందరూ తిరిగి పోతున్నారు, ఏం చెయ్యమంటారు అని.

ఫోను బల్ల మీద పెట్టి మళ్లీ తీసేలోపు అది మాయమైంది. దాని చోట ఆ రెండు మాటలున్నాయి. మొహం మీద తలుపు వేసినట్టయింది. ఫోను సొరుగులో పడేశాను. పడేసిన కాసేపటికే సొరుగులో మోగింది.

"లైనులో ఉండావా?" అంది ఒక పెద్దాయన గొంతు.

"ఎవరండీ?"

"ఉదయగిరి నుంచి. నీ మెసేజ్ తీసేసినోడిని."

పెట్టేద్దామని వేలు ఎర్ర గుర్తు దగ్గరికి తెచ్చాను.

"కోపమొచ్చింటాది. రానీ. ఎందుకు తీసినానో ముందు చెప్తా, తర్వాత నీ ప్రశ్న చూద్దాం. ఆ గ్రూపులో ఎవురెవురు ఉండారో నాకే తెలియదు. ఆడమనిషి ఒక్కతే యాడ కూర్చోనుంటాదో, ఊరు పేరుతో సహా రాసినావు. అది అంతమంది చదవాల్సిన మాటేనామ్మా?"

అంతవరకూ నాకు ఆ ఆలోచనే రాలేదు. లేచి షాపు వాకిలివైపు చూశాను.

"సరే, ఇప్పుడు చెప్పు. నీ పని బల్ల యాడుండాది?"

"లోపల, గోడవైపు."

"గోడవైపు," అని ఆ మాటే మళ్లీ అన్నాడు. ఎవరేం చెప్పినా చివరి మాట ఒకసారి తను పలికి చూసుకుని గానీ జవాబిచ్చేవాడు కాదు. "దాన్ని వాకిలి కాడికి జరుపు. నువ్వు బోర్డు విప్పేది రోడ్డు మీద పోయేవాళ్లకి కనపడాల. మీ ఆయన లేడా అని అడిగితే చేతిలో పని ఆపబాక. ఏంది ప్రాబ్లం అని మాత్రం అడుగు. ఇంకొక మాట. ఆడోళ్ల ఫోన్లలో వాళ్ల ఫొటోలుంటాయి, మాటలుంటాయి. మగోళ్ల చేతికి ఇయ్యాలంటే వాళ్లకి గుండెల్లో గుబులుగా ఉంటాది. వాళ్లు నిన్ను వెతుక్కుంటా వస్తారు, చూడు."

అలాగే వచ్చారు. మొదట కాలేజీ పిల్లలు, తర్వాత ఇళ్లలోని ఆడవాళ్లు, వాళ్లను చూసి వాళ్ల మగవాళ్లు. ఈరోజు నా షాపు నడుస్తున్నదంటే ఆ బల్ల జరపడంతో మొదలైంది.

మాటలయ్యాక "పెట్టేస్తన్నా" అన్నాడు గానీ పెట్టలేదు. నేను కట్ చేసేదాకా అవతల ఊపిరి వినపడుతూనే ఉంది. ఆ తర్వాత ఎన్నిసార్లు మాట్లాడినా అంతే. కష్టం చెప్పుకున్న మనిషి చెవిలో లైను తెగిన చప్పుడు పడకూడదట. ముందు వాళ్లే పెట్టెయ్యాలట.

ఆయన్ని చూసింది మరికొన్ని నెలల తర్వాత. ఉదయగిరిలో మా బంధువుల పెళ్లి ఉంటే చర్చికి వెళ్లి, అక్కడినుంచి సార్ ఇల్లు అడుగుతూ వెళ్లాను. ఫోనులో ఆ గొంతు విని లావుపాటి మనిషిని ఊహించుకున్నాను. తీరా చూస్తే సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉన్నాడు. లుంగీ మీద ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఫోనును న్యూస్‌పేపరు పట్టుకున్నట్టు చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, ఉంగరం వేలితో ఒక్కొక్క అక్షరమే కొట్టేవాడు. చూపుడు వేలు కొస సోల్డరింగ్ ఇనుము తగిలి తగిలి మొద్దుబారిపోయిందని నవ్వాడు.

వాళ్లావిడ మజ్జిగ తెచ్చింది. "సార్ వల్లే నా షాపు నిలబడింది" అని నేను మొదలుపెట్టానో లేదో, ఆయన లేచి ఫోను చార్జింగ్‌లో ఉందా లేదా చూడటానికి వెళ్లాడు. ఎవరు పొగిడినా ఆయనకు చార్జింగ్ గుర్తొస్తుందని వాళ్లావిడ నవ్వింది.

నేను కూర్చుని ఉండగానే గ్రూపులో ఏదో వచ్చింది. ఆయన చదివాడు. కనుబొమలు దగ్గరికొచ్చాయి. ఉంగరం వేలు కదిలింది. రెండు మాటలు కొట్టడం నా కళ్లతో చూశాను. తర్వాత చెప్పులు వేసుకుని, పెరట్లోకి, బట్టలారేసిన తీగ దాటి గోడదాకా వెళ్లి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. "లైనులో ఉండావా?" అన్నది ఒక్కటే వినపడింది.

"ఎవురు, ఏంది అని నేను అడగను," అంది వాళ్లావిడ. "అడిగినా చెప్పడు. ఎక్స్ఛేంజిలో ఉన్నప్పుడూ అంతే. ఊళ్లో ఎవురింట్లో ఏం జరగతా ఉండాదో ఆయన చెవిన పడేది. ఒక్క మాట ఇంటికి తెచ్చినోడు కాదు. నాకే కడుపు ఉబ్బిపోయేది."

ఆయన తిరిగొచ్చి కూర్చున్నాక నేను ఉండబట్టలేక అడిగాను. "ఆ రెండు మాటల పక్కన ‘ఫోన్ చేస్తాను’ అని రాస్తే ఏం పోతుంది సార్? అందరూ మిమ్మల్ని రాయి అనుకుంటున్నారు."

"రాయి," అన్నాడు. "ఫోన్ చేస్తానని రాస్తే ఏమైతాది? వీడికేదో కష్టముండాదని అందరికీ తెలిసిపోతాది. తెల్లారి ఒకడు వాడినే అడుగుతాడు, ఏందిరా నీ కష్టం అని. రెండు మాటలు రాసి తీసేస్తే ఏమనుకుంటారు? ఏదో పిచ్చి మెసేజ్ పెట్టినాడు, ముసలోడు కత్తిరించినాడు అనుకుంటారు. నా మీద నవ్వుకుంటారు. వాడి మీద నవ్వరు."

"గుడ్ మార్నింగ్ పెట్టినవాళ్లకి కూడా అదే మాట కదా మరి?"

"అందరికీ ఒకటే మాటైతేనే గదా, ఎవురిది కష్టమో ఎవురిది కాలక్షేపమో బయటోళ్లకి తెలియకుండా ఉండేది?" అన్నాడు. తర్వాత గొంతు మార్చి, "గుడ్ మార్నింగులూ ఊరికే తీయను. కస్టమరు నెత్తిన నిలబడుంటే నువ్వు జవాబు కోసం గ్రూపులో వెతుకుతావు. మధ్యలో ఈ పటాలన్నీ అడ్డమొస్తే నీకెట్లా దొరకతాది? పని మాట పనోళ్లకి దొరకాల. ఇంటి మాట ఇంట్లో వాళ్లకి కూడా తెలియకూడదని కొందరు మన కాడికొస్తారు. రెండూ ఒకే చోట ఎట్లా పెట్టేది?" అన్నాడు.

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో ఆ మాటలే తిప్పి తిప్పి అనుకున్నాను. అప్పటికి అవి నాకు మాటలుగానే ఉన్నాయి. వాటి బరువు తర్వాత తెలిసింది.

రమణయ్య అని ఒక టీవీ మెకానిక్. అనంతసాగరం వైపు మనిషి అనుకోండి. పేరూ ఊరూ రెండూ మార్చాను, రాయడానికి ముందు ఆయన భార్యను అడిగి ఆమె సరేనన్నాకే రాస్తున్నాను. ఒకరోజు రమణయ్య గ్రూపులో అడిగాడు: "ఫోను స్విచాఫ్ అయినా అది ఎక్కడుందో చూపించే యాప్ ఏదైనా ఉందా? అర్జంటు."

చూడటానికి అది మా పని మాటే. అందుకే జవాబులు టపటపా వచ్చాయి. ఒకరు ఒక యాప్ పేరు చెప్పారు, ఇంకొకరు ఫోను నెంబరుతో కాకుండా సెట్టు నెంబరుతో వెతకమన్నారు. అంతలో ప్రశ్నా జవాబులూ అన్నీ మాయమయ్యాయి. "ఇక్కడ కాదు." ఇది కూడా టెక్నికల్ ప్రశ్న కాదా అని చాలామంది మండిపడ్డారు. నాకూ వింతగానే అనిపించింది.

కాసేపటికి నాకు ఫోను. "లైనులో ఉండావా? నీ షాపు బస్టాండుకు దగ్గరే గదా. ఒకసారి పోయి చూసిరామ్మా. ఒకాయన భార్య ఇంట్లో గొడవపడి ఆత్మకూరు బస్సెక్కిందంట. ఆకుపచ్చ చీర, చేతిలో గుడ్డసంచి."

"ఉంటే ఏం చెయ్యాలి సార్? తీసుకురావాలా?"

"తీసుకొచ్చేదానికి కాదు. పక్కన కూర్చునేదానికి."

షట్టరు సగం దించి వెళ్లాను. నెల్లూరు బస్సులు ఆగే చోట బెంచీ మీద కూర్చుని ఉంది. వచ్చిన బస్సునల్లా చూస్తూ, ఏదీ ఎక్కకుండా. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"మా ఆయన పంపినాడా?" అంది నా వైపు చూడకుండానే.

"మీ ఆయన ఎవరో నాకు తెలియదు. ఒక పెద్దాయన పంపినాడు."

"దేనికి?"

"పక్కన కూర్చోమన్నాడు."

ఆమె నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. సంచిలోంచి ఫోను తీసి నా చేతిలో పెట్టింది. అద్దం పొడిపొడిగా ఉంది. రోజూ సాయంత్రం ఆయన ఆ ఫోను అడిగి తీసుకుని ఎవరితో మాట్లాడిందీ మొత్తం చూస్తాడట. ఆ పొద్దున మళ్లీ అడిగితే ఇవ్వనంది. గుంజుకుని నేలకేసి కొట్టాడు. "మెకానిక్కు గదా, మళ్లీ ఎవురూ బాగుచేయలేనట్టు పగలగొట్టినాడు," అంది.

ఆ మాటతో ఆమె రమణయ్య భార్య అని నాకు అర్థమైంది. ఆ ఫోను ఎక్కడుందో చూపించే యాప్ కోసమే గ్రూపులో అడిగాడని నేను చెప్పలేదు. షాపుకు తీసుకొచ్చి టీ తెప్పించాను. నా ఫోనులో సార్‌తో మాట్లాడించాను. స్పీకరు పెట్టబోతే ఆమెకే ఇవ్వమన్నాడు. ఆమె మాటలే నాకు వినపడ్డాయి. "మాయమ్మ కాడికి పోతా సార్." కాసేపు విని, "బాగుండానని ఆయనకు చెప్పండి. ఊరు మాత్రం చెప్పబాకండి," అంది. వాళ్లమ్మది సీతారామపురం అవతల పల్లె. ఆమె ఫోనుకు కొత్త డిస్‌ప్లే వేసి, అది వెలిగాక బస్సెక్కించాను.

సాయంత్రం సార్ ఫోన్ చేశాడు. "ఆయనకు చెప్పినా. ఆయమ్మ బాగుండాది, యాడుండాదో చెప్పను, యాప్‌లతో వెతకబాక, ఆయమ్మే ఫోన్ చేస్తాది, చేసినప్పుడు ఎత్తు అని చెప్పినా."

"ఏమన్నాడు?"

"ఏమన్నాడు? తిట్టినాడు. నువ్వెవురివి నా సంసారంలో అన్నాడు. అన్నీ అన్నాడు. తిట్టనీలేమ్మా. పొద్దున ఏడస్తా ఉండినాడు. మనిషి బాగుండాదని తెలిసినాకే గదా తిట్టే ఓపికొచ్చింది."

తర్వాత రమణయ్య అత్తగారింటికి వెళ్లి బతిమాలుకున్నాడు. ఆమె వెంటనే రాలేదు. తన ఫోను జోలికి రానని వాళ్లమ్మ ముందు మాట ఇచ్చాక వచ్చింది. అమ్మకు ఒంట్లో బాగాలేక వెళ్లిందని ఊళ్లో అందరూ అనుకున్నారు. అలా అనుకోగలిగారంటే ఆ మెసేజ్ గ్రూపులో ఎక్కువసేపు నిలవకపోవడమే కారణం. సంసారం చక్కబడింది. అప్పుడప్పుడు ఆమె మా షాపుకొచ్చి కూర్చుని పోయేది.

కానీ మనం పూర్తిగా కిందపడి ఏడ్చినప్పుడు చూసిన మనిషిని ఆ తర్వాత చూడటం కష్టమేమో. రమణయ్యకు సార్ మీద కృతజ్ఞత ఉండాలని నేననుకున్నాను. అతనికి సార్ పేరు కనపడితేనే ఒళ్లు మండేది.

గ్రూపు పెద్దదయ్యేకొద్దీ కొత్తవాళ్లు గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరి మెసేజో తీసేసిన ఒక రోజు గొడవ రేగింది. అందరికంటే పెద్ద మెసేజ్ రమణయ్యది. "టెక్నికల్ ప్రశ్న అడిగితే కూడా తీసేసే మనిషి అడ్మిన్ ఎట్లా అవుతాడు? పనివాళ్లను కుక్కల్ని తరిమినట్టు తరుముతున్నాడు. ఈయన్ని తీసేస్తారా లేదా, ఓటు పెట్టండి." ఓటు పెట్టారు. తీసేయాలన్న వైపు అంకె పెరిగిపోతూ ఉంది.

నేను సార్‌కు ఫోన్ చేశాను. "ఆ రోజు ఏం జరిగిందో నేను రాస్తాను సార్. రమణయ్య నోరు అక్కడితో మూతపడుతుంది."

"చెప్పబాక," అన్నాడు వెంటనే. ఈసారి చివరి మాట తిరిగి పలకలేదు. "నువ్వు రాస్తే ఆయన నోరు మూతపడతాది, నిజమే. ఆయమ్మ సంగతి ఊరంతా తెలస్తాది. దానికా నేను ఆ దినం తీసేసింది?"

"మరి మీ సంగతి?"

"నా సంగతేముండాదిలే. గ్రూపే గదా."

ఆమె మాట రాయకుండా నా మాట మాత్రం రాశాను. నా మెసేజ్ కూడా ఆయన తీసేశాడని, తర్వాత తనే ఫోన్ చేసి షాపు నిలబెట్టుకునే దారి చెప్పాడని, ఆయన అందరూ అనుకునే మనిషి కాదని. ఇంకెవరైనా ముందుకొచ్చి ‘నాకూ ఫోన్ చేశాడు’ అంటారని చూశాను. ఒక్కరూ అనలేదు. ఎవరో కుర్రవాడు రాశాడు: "ఓహో, ఆడోళ్లకైతే ఫోన్ చేస్తాడన్నమాట." కన్నుకొట్టే బొమ్మ పెట్టాడు. దాని కింద నవ్వులు మొదలయ్యాయి.

నేను జవాబు కొట్టడం మొదలుపెట్టేలోపే ఆ మెసేజ్, నవ్వులు, నా మెసేజ్ అన్నీ పోయాయి. ‘ఉదయగిరి’ పేరు మీద ఒక కొత్త వాక్యం వచ్చింది. రెండు మాటలకు మించి ఆయన అలా రాయడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఆ అమ్మాయిని ఏమీ అనకండి. నేను పోతున్నాను."

ఓటు ఇంకా నడుస్తూనే ఉంది. ఆయన వెళ్లిపోయాడు.

నేను ఊరుకుని ఉంటే ఆయన ఓటు అయ్యేదాకా ఉండేవాడేమో, ఆ లోపు ఎవరైనా నోరు విప్పేవాళ్లేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఒకసారి ఆ మాటే ఆయనతో అన్నాను. "నువ్వు మంచి మాటే రాసినావు. రాసిన చోటు మంచిది కాదు, అంతే," అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడని తెలుసు. అయినా ఓదార్పు కలగలేదు.

ఆ తర్వాత ఉదయగిరి వెళ్లినప్పుడు ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఫోను లోపల ఎక్కడో ఉంది. "పొద్దస్తమానం ఆ ఫోను పట్టుకోబాక అని అరిచేదాన్ని," అంది వాళ్లావిడ. "ఇప్పుడు పట్టుకోమన్నా పట్టుకోడు." మజ్జిగ తాగుతూ చాలాసేపు వర్షాల గురించి, మా ఆయన ఉద్యోగం గురించి మాట్లాడాడు. ఇక లేస్తాననగా అడిగాడు.

"దారి తప్పి ఎవురన్నా వస్తా ఉండారా గ్రూపులోకి?"

"వస్తున్నారు సార్."

"ఏం చేస్తా ఉండారు వాళ్లని?"

అబద్ధం చెప్పాలని ఉంది. ఆయన ముందు చేతకాలేదు. "నవ్వుతున్నారు సార్," అన్నాను.

"నవ్వుతా ఉండారు," అని మెల్లగా అన్నాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. నాకు పాపం అనిపించి, అలాంటివి వచ్చినప్పుడు ఫొటో తీసి మీకు పంపిస్తాను, మీరు ఫోన్ చేయండి అన్నాను. ఒక్క క్షణం ఆయన మొహం వెలిగింది. వెంటనే తల అడ్డంగా ఊపాడు. "వద్దమ్మా. నేను ఆ గ్రూపులో లేను. లేని చోట మాటలు వినడం తప్పు. లైనులో దొంగతనంగా చెవి పెట్టినట్టు."

అడ్మిన్‌గా ఆయన చేసిన పని ఇంకెవరైనా నేర్చుకుని ఉంటే బాగుండేది. నేర్చుకోవడానికి అది ఎవరికీ కనపడలేదు. కనపడనివ్వకపోవడమే ఆ పని.

వానాకాలం మొదలవుతుండగా ఒక పొద్దున కాఫీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడు. వాళ్లావిడ నాకు ఫోన్ చేసి, "మీ వాళ్లకి చెప్పాలంటే ఎట్లనో నాకు తెలియదు, నువ్వే చెప్పు," అంది. గ్రూపులో రాశాను. దండాలు వచ్చాయి. "పని తెలిసిన మనిషి, నోరే దురుసు" అని ఒకరు, "రూల్స్ అంటే ప్రాణం ఇచ్చేవాడు" అని ఒకరు రాశారు.

నేను చేరేసరికి ఇంటి ముందు షామియానా వేసి ఉంది. బంధువులు ఒకవైపు కూర్చున్నారు. ఇంకొకవైపు ఒకరితో ఒకరికి సంబంధం లేనట్టు విడివిడిగా కొందరు మగవాళ్లు నిలబడి ఉన్నారు. కొందరి జేబుల్లో స్క్రూడ్రైవర్లు కనపడుతున్నాయి, షాపుల నుంచి నేరుగా వచ్చినట్టున్నారు. వాళ్లావిడ ఒకరిని పిలిచి అడిగింది.

"యాడి నుంచి నాయనా?"

"సీతారామపురమమ్మా."

"ఆయన నీకెట్లా తెలుసు?"

"ఒకసారి ఫోన్ చేసినాడమ్మా."

ఎందుకని ఆమె అడగలేదు. పక్కనున్న మనిషిని అడిగితే అతనిది బద్వేలు. అతనూ అదే మాట. మూడో మనిషి, ఆమె అడగకముందే, "నాక్కూడానమ్మా," అన్నాడు. అప్పుడు వాళ్లు ముగ్గురూ మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నాకొక్కడికే అనుకున్నా," అన్నాడు సీతారామపురం అతను.

ఎవరూ తమకెందుకు ఫోన్ వచ్చిందో చెప్పలేదు, పక్కవాడిని అడగలేదు. ఓటు పెట్టిన రోజు వీళ్లందరూ గ్రూపులోనే ఉన్నారు. నోరు విప్పితే ఎందుకు ఫోన్ చేశాడో కూడా చెప్పాల్సి వస్తుంది. ఎవరి కష్టం వాళ్లు దాచుకుని, ఎవరికి వాళ్లు ఒక్కరే అనుకుని, ఊరుకున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. అందరూ ఒక్కసారి పక్కకు తిరిగి చూసుకుని ఉంటే ఆయన ఆ గ్రూపులోనే ఉండేవాడు కదా అని మాత్రం అనిపించింది.

రమణయ్య, అతని భార్య కొంచెం ఆలస్యంగా వచ్చారు. ఆమె లోపలికి వెళ్లి సార్ కాళ్లకు దండం పెట్టి, వాళ్లావిడ పక్కన కూర్చుంది. అతను గేటు దగ్గరే ఆగిపోయి, నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

"ఆ దినం బస్టాండులో కూర్చున్నది నువ్వేనంట. దారిలో చెప్పింది."

"అవును."

"ఓటప్పుడు నువ్వు రాసింటే నేను తలెత్తుకోని ఉండేవాణ్ని కాదు. ఎందుకు రాయలేదు?"

"సార్ వద్దన్నారు."

రమణయ్య జేబులోంచి ఫోను తీశాడు. "నేను రాస్తా. ఆయనెట్లాంటోడో అందరికీ తెలియాల. నేనేం చేసినానో కూడా తెలియనీ." గ్రూపు తెరిచి కొట్టడం మొదలుపెట్టాడు. కళ్లనీళ్లు అద్దం మీద పడితే చొక్కాకు తుడిచి మళ్లీ కొట్టాడు. చాలా పొడుగ్గా రాశాడు. అతని భార్య ఎప్పుడొచ్చిందో వెనక నిలబడి చదువుతోంది. పంపే గుర్తు మీద వేలు పెట్టబోతుంటే ఆమె తన అరచేయి ఆ అద్దం మీద పెట్టింది.

"ఏంది?" అన్నాడు. "మంచి మాటే గదా రాసినా."

"నీ మాట రాస్తే నా మాటా రాసినట్టే గదా," అంది. గొంతులో కోపం లేదు. "ఆయన పోయేదాకా దాచిపెట్టినాడు. నువ్వు ఒక్క దినం దాచలేవా?"

అతను ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత రాసినదంతా చెరిపేశాడు. ఒక్కొక్క అక్షరమే, మొదటికంటా.

లోపల నుంచి పిలుపు వచ్చింది. పాడె ఎత్తుతున్నారు. కొడుకు వరసవాళ్ల పక్కన చోటు అడిగి, షామియానా కింద విడివిడిగా నిలబడ్డ ఆ మనుషులే వెళ్లి భుజం పెట్టారు. రమణయ్య ఫోను జేబులో పెట్టుకుని, చెప్పులు విడిచి, పరుగులాంటి నడకతో వాళ్లను చేరుకున్నాడు. అప్పటికే అన్ని వైపులా భుజాలు నిండిపోయి ఉన్నాయి. ఎక్కడ పట్టుకోవాలో తెలియక ఒకసారి ఇటు, ఒకసారి అటు వెళ్లి చూశాడు. తర్వాత చెయ్యి ఒకటి గాల్లోనే పైకెత్తి ఉంచి, వీధి చివరిదాకా పాడె పక్కనే నడుస్తూ పోయాడు.